333 హెర్ట్జ్‌ల తగాదా: వేగం మారినా మారలేదన్న డ్రైవర్

బోర్డుకి సీరియల్ కేబుల్ తగిలించి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) లాగ్ చూస్తూ కూర్చుంటే మధ్య మధ్యలో ఒక లైను వచ్చి పడుతుంది: ‘ఫెయిల్డ్ టు చేంజ్ సీపీయూ ఫ్రీక్వెన్సీ: -5’. ప్రాసెసర్ వేగం మార్చడం కుదర్లేదని దానర్థం. బోర్డు మాత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. హ్యాంగ్ అవదు, రీబూట్ అవదు. కాస్త పని పెంచితే మళ్లీ అదే లైను. ఎవరైనా ముందు హార్డ్‌వేర్‌నే అనుమానిస్తారు. పవర్ సప్లై బలహీనంగా ఉందేమో, చిప్ వేడెక్కిందేమో, ఫర్మ్‌వేర్ పాతదేమో అని. అవేవీ కాదు. వేగం మారింది. మారలేదని డ్రైవర్, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడే కెర్నల్ కోడ్, అబద్ధం చెబుతోంది.

లైనక్స్ కెర్నల్‌లో ఎస్‌సీపీఐ సీపీయూఫ్రీక్ అనే డ్రైవర్ ఉంది. ఈ బగ్ అందులోది. 2018లో చేసిన ఒక మార్పుతో వచ్చిందని కమిట్ (కోడ్ మార్పును నమోదు చేసే రికార్డు) చెబుతుంది, 2025లో సరిచేశారు. సరిచేసిన ప్యాచ్‌లో మారిన లైన్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంత చిన్నదానికి ఇంత వ్యాసం ఎందుకంటే, కెర్నల్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి చూపించడానికి ఇంతకన్నా మంచి బగ్ నాకు కనపడలేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో ఇక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి బెంగళూరులో చిప్‌ల పని ఆగింది లేదు. ఇవాళ ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఏ కెర్నల్ టీంని కదిలించినా గుంటూరు నుంచో, కడప నుంచో, కరీంనగర్ నుంచో ఒకరు ఉండనే ఉంటారు. కొత్తగా చేరినవాళ్లు ‘కెర్నల్ బగ్’ అనగానే అసెంబ్లీ కోడ్, రేస్ కండిషన్లు ఊహించుకుని టెన్షన్ పడతారు. ఈ బగ్‌లో అవేమీ లేవు. ఉన్నదల్లా ఐదో తరగతి భాగహారం, దాని శేషం.

వేగం ఎవరు మారుస్తారు

ముందు కొంచెం నేపథ్యం. ప్రాసెసర్ స్విచింగ్‌లో ఖర్చయ్యే పవర్ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు కూడా పెరుగుతుంది. వేగం సగానికి తగ్గించి, వోల్టేజీని 1.0 నుంచి 0.8 వోల్టులకు దించారనుకోండి. ఖర్చు 0.5 × 0.64, అంటే 0.32కి పడిపోతుంది. పోయింది సగం వేగం, ఆదా అయింది దాదాపు మూడింట రెండు వంతుల పవర్. అందుకే చిప్ చేసేవాళ్లు ఈ ఫ్రీక్వెన్సీకి ఈ వోల్టేజీ అని కొన్ని జతలు ఖాయం చేసి ఇస్తారు. కెర్నల్ వాళ్లు వీటిని ఓపీపీలు అంటారు. మనం మెట్లు అనుకుందాం.

మెట్టు ఎక్కేటప్పుడు ముందు వోల్టేజీ పెంచాలి, తరవాతే ఫ్రీక్వెన్సీ. దిగేటప్పుడు ముందు ఫ్రీక్వెన్సీ, తరవాత వోల్టేజీ. ఈ వరస తప్పితే చాలినంత వోల్టేజీ లేకుండా చిప్ పరిగెత్తి అక్కడికక్కడే చతికిలబడుతుంది. చాలా బోర్డుల్లో ఈ వరస చూసుకోవాల్సింది కెర్నలే. మన బగ్ ఉన్న బోర్డుల్లో అలా కాదు. చిప్‌లోనే ఇంకో చిన్న కంట్రోల్ ప్రాసెసర్ ఉంటుంది. ‘ఈ క్లస్టర్‌ని (ప్రాసెసర్ల గుంపుని) ఫలానా మెట్టుకు తీసుకెళ్లు’ అని కెర్నల్ దానికి మెసేజ్ పంపుతుంది. వోల్టేజీ సంగతి, ఫ్రీక్వెన్సీ సంగతి అది చూసుకుంటుంది. ఆ మెసేజ్‌లు ఏ రూపంలో ఉండాలో చెప్పే ఒప్పందమే ఎస్‌సీపీఐ, సిస్టమ్ కంట్రోల్ అండ్ పవర్ ఇంటర్‌ఫేస్. ఆర్మ్ కంపెనీ జూనో బోర్డు దీన్ని వాడింది. టీవీ బాక్సుల్లో కనిపించే కొన్ని ఆమ్లాజిక్ చిప్‌లూ వాడాయి. తరవాత ఎస్‌సీఎంఐ అనే కొత్త ఒప్పందం వచ్చి దీని జాగా తీసుకుంది.

ఏ మెట్టు కావాలో తేల్చేది కెర్నల్‌లోని గవర్నర్ అనే భాగం. ఇప్పుడు ఎక్కువగా వాడే షెడ్‌యుటిల్ 2016లో, 4.7 కెర్నల్‌తో వచ్చింది. దాని లెక్క తేలిక. ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని, ఇప్పుడున్న లోడ్ నిష్పత్తిని గుణించి, ఆ వచ్చినదానికి పావు వంతు కలుపుతుంది. గరిష్ఠం 2000 మెగాహెర్ట్జ్, లోడ్ 40 శాతం అయితే 1000 మెగాహెర్ట్జ్ కావాలంటుంది. లోడ్ 80 శాతం దాటితే గరిష్ఠమే.

గవర్నర్ నేరుగా హార్డ్‌వేర్‌ని తాకదు. మధ్యలో సీపీయూఫ్రీక్ కోర్ ఉంది, కెర్నల్‌లో ప్రాసెసర్ వేగాల సంగతి చూసే కేంద్ర భాగం. రఫాయెల్ విసోకీ, విరేశ్ కుమార్ చూసుకునే భాగం అది. గవర్నర్ అడిగిన వేగాన్ని టేబుల్‌లో ఉన్న మెట్టుగా మార్చి, ‘ఈ మెట్టుకి వెళ్లు’ అని డ్రైవర్‌కి చెప్పేది ఈ కోర్ భాగమే. ఇంకో పని కూడా చేస్తుంది. ప్రాసెసర్ ప్రస్తుతం ఏ వేగంలో ఉందో తన దగ్గర ఒక అంకె రాసిపెట్టుకుంటుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

శేషం ఎక్కడ పోయింది

సీపీయూఫ్రీక్ మొత్తం కిలోహెర్ట్జ్‌లో మాట్లాడుతుంది. కెర్నల్ తన లోపలి సంగతులు మనకి చూపించే సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లలోనూ అంకెలు కిలోహెర్ట్జ్‌లోనే. దాని కింద ఉన్న క్లాక్ ఫ్రేమ్‌వర్క్ (చిప్‌లోని క్లాక్‌ల వేగాలు చూసే కెర్నల్ భాగం), ఓపీపీ టేబుల్, ఫర్మ్‌వేర్ (కంట్రోల్ ప్రాసెసర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) మాత్రం హెర్ట్జ్‌లో మాట్లాడతాయి. అంటే అడిగేటప్పుడు వెయ్యితో గుణించాలి, తెచ్చుకునేటప్పుడు వెయ్యితో భాగించాలి. మెట్లన్నీ వెయ్యికి గుణిజాలుగా ఉన్నంత కాలం ఏ గొడవా లేదు. 60,00,00,000 హెర్ట్జ్‌ని వెయ్యితో భాగించి మళ్లీ గుణిస్తే మొదటి అంకే వస్తుంది.

కానీ క్లాక్‌లు ఎప్పుడూ అంత గుండ్రటి అంకెలు ఇవ్వవు. 4 గిగాహెర్ట్జ్‌ని మూడుతో భాగించి వాడే చిప్ ఒకటి ఉందనుకోండి. ఫర్మ్‌వేర్ తన మెట్ల జాబితాలో 133,33,33,333 హెర్ట్జ్ అని రాసి ఇస్తుంది. కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు ఈ జాబితా తీసుకుని సీపీయూఫ్రీక్ టేబుల్ తయారుచేస్తుంది. వెయ్యితో భాగించగా 13,33,333 కిలోహెర్ట్జ్. శేషం 333 హెర్ట్జ్. పూర్ణాంకాల భాగహారం కాబట్టి శేషం అక్కడే రాలిపోయింది. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు గవర్నర్ ఆ మెట్టు కావాలంది. డ్రైవర్ టేబుల్‌లోంచి 13,33,333 తీసి వెయ్యితో గుణించింది. 133,33,33,000 వచ్చింది. ‘ఈ వేగం పెట్టు’ అని క్లాక్ ఫ్రేమ్‌వర్క్‌కి ఇచ్చింది. ఆ అంకెకు సరిగ్గా సరిపోయే మెట్టు ఫర్మ్‌వేర్ జాబితాలో లేదు. క్లాక్ డ్రైవర్ దానికి పైనున్న దగ్గరి మెట్టు చూసింది, 133,33,33,333 దొరికింది. మెసేజ్ వెళ్లింది, కంట్రోల్ ప్రాసెసర్ వోల్టేజీ పెంచింది, ఫ్రీక్వెన్సీ మార్చింది. ఇంతవరకు అందరూ తమ పని సక్రమంగానే చేశారు.

చివర్లో డ్రైవర్ ఒక పరీక్ష పెట్టింది. క్లాక్ ఇప్పుడు ఎంతలో ఉందో మళ్లీ చదివింది. 133,33,33,333 వచ్చింది. తను అడిగింది 133,33,33,000. రెండూ సమానమా? కావు. అంతే, మైనస్ ఈఐఓ తిప్పి పంపింది. ఈఐఓ అంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, దాని నంబరు 5. లాగ్‌లో కనిపించే ‘-5’ అదే.

ఏడేళ్లు ఇది ఎవరి కంటా పడకపోవడంలో వింతేమీ లేదు. చాలా చిప్‌ల మెట్లు గుండ్రటి అంకెలే. బగ్ కనపడాలంటే వెయ్యికి గుణిజం కాని మెట్టు ఉన్న బోర్డు కావాలి, దాని మీద కొత్త కెర్నల్ నడిపే మనిషి కావాలి, లాగ్ చదివే ఓపికా కావాలి.

చెక్ తీసేస్తే పోలా?

మా టీంలో కర్నూలు కుర్రాడొకడున్నాడు. ఈ ప్యాచ్ చదివి, మారతహళ్లి బ్రిడ్జి దగ్గర టీ తాగుతూ అడిగాడు.

“క్లాక్ సెట్ చేయమన్నాం, సరేనంది. మళ్లీ చదివి చూసేదెందుకన్నా? ఆ చెక్కే పీకేస్తే సరిపోతాది కదా?”

“పీకేస్తే లాగ్‌లో ఈ లైను పోతుంది రా. నిజంగా ఫెయిలైన రోజు రావాల్సిన లైను కూడా పోతుంది.”

వాడి ప్రశ్న మామూలుదే, తొందరలో ఉన్న ఎవరికైనా మొదట తట్టేది అదే. ఆ చెక్ అక్కడ ఎందుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎస్‌సీపీఐ డ్రైవర్ మొదట్లో ఆర్మ్ బిగ్ లిటిల్ అనే ఇంకో డ్రైవర్ మీద ఆధారపడి ఉండేది. 2018 మార్పు ఆ సంబంధం తెంచి దీన్ని సొంతంగా నిలబెట్టింది. బిగ్ లిటిల్ డ్రైవర్‌లోనూ ఇలాగే మళ్లీ చదివి పోల్చే చెక్ ఉండేది. పక్కనే పెద్ద కామెంట్ కూడా ఉండేది. దాని సారాంశం ఇది: ‘క్లాక్ సెట్ చేయడం ఎర్రర్ ఇవ్వకపోయినా, హార్డ్‌వేర్ వల్లో ఫర్మ్‌వేర్ వల్లో లోపల అది ఫెయిలై ఉండొచ్చు. ఆ సంగతి మనదాకా చేర్చే ఏర్పాటు క్లాక్ కోర్‌లో లేదు. కాబట్టి మళ్లీ చదివి సరిచూస్తున్నాం.’

అది నిజమే. క్లాక్ ఫ్రేమ్‌వర్క్‌కి కేంద్రమైన ఈ క్లాక్ కోర్‌లో వేగం మార్చే ఫంక్షన్ చివరికి హార్డ్‌వేర్ డ్రైవర్‌ని పిలుస్తుంది, అది ఏం తిప్పి పంపినా పట్టించుకోదు. కంట్రోల్ ప్రాసెసర్ ‘నా వల్ల కాదు’ అన్నా పైకి సున్నాయే వస్తుంది. సున్నా అంటే సక్సెస్. కాబట్టి చెక్ ఉండాలి. అయితే అది పోల్చే తీరు తప్పు.

“అట్లయితే ఆ పాత డ్రైవర్లో కూడా ఇదే తప్పు ఉన్నట్టే కదన్నా?” అన్నాడు వాడు.

ఉన్నట్టే. అక్కడా కిలోహెర్ట్జ్‌ని వెయ్యితో గుణించి హెర్ట్జ్‌తో పోల్చారు. ప్యాచ్‌లో ‘ఫిక్సెస్’ అనే ట్యాగ్ రాయాలి, అంటే ఏ కమిట్ వల్ల బగ్ వచ్చిందో చెప్పాలి. ఇక్కడ ఆ ట్యాగ్ 2018 కమిట్‌ని చూపిస్తుంది, ఎందుకంటే ఆ లైను ఈ ఫైల్లోకి వచ్చింది అప్పుడే. పుట్టుక ఇంకా పాతది. ట్యాగ్‌లో తేదీ చూసి బగ్ వయసు చెప్పేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

తప్పుడు ఎర్రర్ వల్ల ఏమవుతుంది

‘లాగ్‌లో ఒక పనికిమాలిన లైను, అంతేగా’ అనిపించవచ్చు. ఆ ప్యాచ్ వివరణ కూడా ఈ వార్నింగ్ గురించే చెబుతుంది. కానీ కోర్ రాసిపెట్టుకునే అంకె గుర్తుందా? దాని వెంట వెళ్తే అసలు సంగతి బయటపడుతుంది.

మెట్లు మూడే ఉన్నాయనుకుందాం: 600, 1000, 1333.333 మెగాహెర్ట్జ్. ప్రాసెసర్ 1000లో ఉంది. లోడ్ పెరిగింది. గవర్నర్ పై మెట్టు అడిగింది. హార్డ్‌వేర్ 1333కి వెళ్లింది. డ్రైవర్ -5 అంది. డ్రైవర్ మాటే కోర్‌కి వేదం. మార్పు జరగలేదు కదా అని తన అంకెను మళ్లీ 1000కి తిప్పేసింది. ఈ మార్పు కోసం ఎదురుచూసే మిగతా భాగాలకూ ‘పాత వేగమే’ అని కబురు పంపింది. సరుకు ఇంటికి చేరిపోయింది, కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో మాత్రం ‘ఇవ్వలేదు’ అని ఉంది.

ఇప్పుడు లోడ్ కొంచెం తగ్గింది. గవర్నర్ 1000 చాలంది. కోర్ తన అంకె చూసుకుంది: 1000. అడిగింది, ఉన్నది ఒకటే అయితే డ్రైవర్‌ని పిలవదు, పని మిగులుతుందని అలా రాశారు. ఏమీ చేయకుండా సక్సెస్ అనేసింది. హార్డ్‌వేర్ మాత్రం 1333లోనే, ఆ పై వోల్టేజీలోనే ఉండిపోయింది. లోడ్ ఇంకా తగ్గి 600 అడిగినప్పుడు గానీ డ్రైవర్‌కి పిలుపు రాదు. అప్పుడు అంకెలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పరీక్ష పాసై, కోర్ లెక్క, హార్డ్‌వేర్ మళ్లీ కలుస్తాయి.

ఈ మధ్య కాలంలో తప్పుడు అంకెను నమ్ముకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. షెడ్యూలర్ (ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే కెర్నల్ భాగం) ఒక టాస్క్ ఎంత పని చేసిందో కొలిచేటప్పుడు ప్రాసెసర్ వేగాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. 1333లో నడుస్తున్నదాన్ని 1000 అనుకుంటే, జరిగిన పనిని తక్కువగా కొలుస్తుంది. ఆ కొలతతోనే గవర్నర్ తరవాతి వేగం తేలుస్తుంది. వేడి అదుపు చేసే థర్మల్ వ్యవస్థ ఏ వేగానికి ఎంత పవర్ అని అంచనా వేసేది కూడా ఇదే అంకెతో. అది కూడా తక్కువ అంచనాయే అవుతుంది.

కొంపలు మునిగిపోతాయా అంటే, లేదు. ఖాళీగా ఉన్న ప్రాసెసర్ నిద్ర స్థితిలోకి వెళ్తుంది కాబట్టి వృథా అయ్యేది కొంతే. నాకు ఇందులో నచ్చనిది వృథా కాదు. ఫెయిలైనప్పుడు సక్సెస్ అనే డ్రైవర్‌ని అందరూ అనుమానిస్తారు, అందుకు చెక్‌లు పెడతారు. సక్సెస్ అయినప్పుడు ఫెయిల్ అనే డ్రైవర్‌ని ఎవరూ అనుమానించరు. ఎర్రర్ వచ్చిందంటే ఏదో ఫెయిలైందనే నమ్ముతారు. ఆ నమ్మకం మీదే పై పొరలన్నీ తమ లెక్కలు వెనక్కి తిప్పుకుంటాయి.

ఇంకో చమత్కారం ఉంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో వేగం చూపించే ఫైళ్లు రెండు. స్కేలింగ్ కర్ ఫ్రీక్ ఎవరైనా చదవొచ్చు, ఈ రకం బోర్డుల్లో అది కోర్ రాసిపెట్టుకున్న అంకెనే చూపిస్తుంది. సీపీయూఇన్ఫో కర్ ఫ్రీక్‌ని రూట్ (సర్వాధికారాలున్న యూజర్) మాత్రమే చదవగలదు, అది డ్రైవర్‌ని పిలిచి హార్డ్‌వేర్ వేగం అడుగుతుంది. అడిగి ఊరుకోదు. వచ్చిన జవాబుకీ తన అంకెకీ 1 మెగాహెర్ట్జ్ లేదా అంతకు మించి తేడా ఉంటే కోర్ తన అంకెను సరిదిద్దుకుంటుంది. అంటే ఏమైందో చూద్దామని రూట్‌గా ఆ ఫైలు తెరిచిన మరుక్షణం లెక్క సర్దుకుపోతుంది. ‘నేను చూసినప్పుడు బాగానే ఉంది’ అని బగ్ రిపోర్ట్ మూసేయడానికి ఇంతకన్నా ఏం కావాలి! స్కేలింగ్ ఫైలు ముందు చదివి, తరవాతే రెండోది చదివితే దొరుకుతుంది.

ఆ 1 మెగాహెర్ట్జ్ సడలింపు కూడా ఊరికే వచ్చింది కాదు. కొన్ని హార్డ్‌వేర్‌లు 500 మెగాహెర్ట్జ్ అడిగితే 499 అని చెబుతాయని, అంత చిన్న తేడాకి అనవసరంగా వేగం మార్చే పనిలో దిగొద్దని కోర్‌లో కామెంట్ రాసి మరీ పెట్టారు. పై పొరకి తెలిసిన ఇంగితం కింది డ్రైవర్‌కి చేరలేదు.

నాలుగు లైన్ల మరమ్మతు

సరిచేసిన తీరు ఇది. డ్రైవర్ ఇప్పుడు అడిగిన వేగాన్ని కిలోహెర్ట్జ్‌లోనే ఉంచుకుంటుంది. క్లాక్‌కి ఇచ్చేటప్పుడు మాత్రం వెయ్యితో గుణిస్తుంది. మళ్లీ చదివిన హెర్ట్జ్‌ని వెయ్యితో భాగించి, కిలోహెర్ట్జ్‌ని కిలోహెర్ట్జ్‌తో పోలుస్తుంది. 133,33,33,333ని వెయ్యితో భాగిస్తే 13,33,333. టేబుల్‌లో ఉన్నదీ 13,33,333. సరిపోయింది.

సరిపోవడం అదృష్టం కాదు. టేబుల్ తయారైంది ఫర్మ్‌వేర్ జాబితాని వెయ్యితో భాగించి శేషం వదిలేయడం వల్ల. ఇప్పుడు చదివిన వేగం కూడా అదే జాబితాలోని అంకె. దాన్నీ వెయ్యితో భాగించి శేషం వదిలేస్తున్నాం. ఒకే అంకె మీద ఒకే పని రెండుసార్లు చేస్తే ఒకే జవాబు రావాలి. కాబట్టి మెట్టు నిజంగా మారితే పోలిక తప్పడానికి వీల్లేదు. మారకపోతే కుదరడానికి వీల్లేదు, రెండు మెట్ల మధ్య కిలోహెర్ట్జ్ కన్నా తక్కువ తేడా ఉన్న చిప్ ఎవరూ చేయరు కాబట్టి.

దీనికి ‘మెరుగులు’ దిద్దబోతే చెడిపోయే చోటు కూడా ఇదే. శేషం వదిలేయడం మొరటుగా ఉందని, దగ్గరి పూర్ణాంకానికి సవరిద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. కెర్నల్‌లో అందుకు మ్యాక్రో (రెడీమేడ్ కోడ్ ముక్క) కూడా ఉంది. మెట్టు 166,66,66,667 హెర్ట్జ్ అనుకోండి. టేబుల్‌లో శేషం వదిలేస్తే 16,66,666. మళ్లీ చదివాక సవరిస్తే 16,66,667. మళ్లీ తగాదా, మళ్లీ -5. సూక్ష్మంగా లెక్కించినవాడే ఓడిపోతాడు. రెండు వైపులా ఒకే మొరటుతనం ఉండాలి.

కోర్‌లో ఉన్నట్టు 1 మెగాహెర్ట్జ్ సడలింపు ఇక్కడా పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు. కానీ ఆ అంకె ఎందుకు అంతే ఉండాలో మళ్లీ వాదించాలి. ఈ డ్రైవర్‌లో వేగం జాబితాలోంచి వస్తుంది, కొలిచింది కాదు. జాబితా అంకెకు సడలింపు అక్కర్లేదు. ఇక టేబుల్ మొత్తాన్నే హెర్ట్జ్‌లోకి మార్చేద్దామంటే సిస్‌ఎఫ్‌ఎస్ అంకెలన్నీ మారాలి, వాటిని చదివే ప్రోగ్రాములన్నీ పాడవుతాయి. యూజర్‌స్పేస్‌ని, అంటే కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాముల్ని, చెడగొట్టకూడదన్నది లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఎప్పుడూ రాజీపడని నియమం.

ఈ ప్యాచ్‌తో పాటు ఇంకో చిన్న గుంట కూడా పూడింది. పాత కోడ్‌లో గుణకారం ఫలితం దాచే వేరియబుల్ 64 బిట్లదే. కానీ టేబుల్‌లోని అంకె 32 బిట్లది, దాన్ని మామూలు వెయ్యితో గుణించారు. సీ భాషలో అటూ ఇటూ 32 బిట్లే ఉంటే గుణకారం 32 బిట్లలోనే జరుగుతుంది, పొంగిపోయింది పోగా మిగిలినదాన్నే 64 బిట్ల పెట్టెలో వేస్తుంది. 32 బిట్లలో పట్టే గరిష్ఠం 429,49,67,295. అంటే 4.29 గిగాహెర్ట్జ్ దాటితే లెక్క చుట్టు తిరిగి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 4.4 గిగాహెర్ట్జ్ అడిగితే 10,50,32,704 హెర్ట్జ్, అంటే 105 మెగాహెర్ట్జ్ అడిగినట్టవుతుంది. ఎస్‌సీపీఐ చిప్‌లు ఆ వేగాల దరిదాపుల్లోకి కూడా వెళ్లవు కాబట్టి ఇది ఎవరినీ కరవలేదు. ఇప్పుడు కిలోహెర్ట్జ్ అంకెను ముందే అన్‌సైన్డ్ లాంగ్ అనే రకం వేరియబుల్‌లో పెట్టి తరవాత గుణిస్తున్నారు. 64 బిట్ల ఆర్మ్ మీద అది 64 బిట్లే, పొంగే సమస్య లేదు.

ఇలాంటి ప్యాచ్‌లు పాత స్టేబుల్ కెర్నల్స్‌కి (ఇదివరకే విడుదలై మరమ్మతులు మాత్రం అందుకునేవాటికి) కూడా తేలిగ్గా చేరతాయి. చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు మించకూడదు, నిజమైన బగ్‌ని సరిచేయాలి, ముందు ప్రధాన కెర్నల్‌లో చేరి ఉండాలి అన్నవి అక్కడి షరతుల్లో కొన్ని. చెక్ తిరగరాయడంతో పాటు డ్రైవర్‌ని అందంగా సర్దుదామని ఎవరైనా అనుకుని ఉంటే ఈ దారి మూసుకుపోయేది.

మీ బోర్డులో అదేనా కాదా

ప్యాచ్ వేశాక లాగ్‌లో లైను ఆగిపోయిందని సంబరపడితే సగం పనే అయినట్టు. చెక్ మొత్తం పీకేసినా లైను ఆగిపోతుంది. అందుకని రెండు వైపులా పరీక్షించాలి. గవర్నర్‌ని యూజర్‌స్పేస్‌కి మార్చి, స్కేలింగ్ సెట్‌స్పీడ్ ఫైల్లో ఒక్కో మెట్టు అంకె రాయండి. ప్రతి మెట్టు దగ్గర స్కేలింగ్ కర్ ఫ్రీక్ ముందు చదవండి, తరవాత రూట్‌గా సీపీయూఇన్ఫో కర్ ఫ్రీక్ చదవండి. రెండూ ఒకటే రావాలి. ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి, మధ్య మెట్లు దాటేసి ఒకసారి. ఆ తరవాత క్లాక్ డ్రైవర్‌లో మెసేజ్ పంపే లైనుని తాత్కాలికంగా తీసేసి, మళ్లీ కంపైల్ చేసి, అదే పరీక్ష పెట్టండి. ఈసారి -5 రావాలి. రాకపోతే మీ చెక్ అలంకారానికే ఉన్నట్టు. ఈ రెండో పరీక్ష చేసేవాళ్లు తక్కువ. రివ్యూలో నేను మొదట అడిగేది అదే. కర్నూలు కుర్రాడికి ఇప్పుడు అడగకుండానే చేసి చూపించడం అలవాటైంది.

పాత కెర్నల్ నడుస్తున్న బోర్డు ఏదైనా బెంగళూరు ఎస్‌పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లోనో ఇంకెక్కడో కొని తెచ్చుకుని, లాగ్‌లో -5 చూస్తే, ప్యాచ్ కోసం వెతికే ముందు మెట్ల జాబితా చూడండి. సీపీయూఫ్రీక్ టేబుల్‌లో కాదు, అక్కడ శేషం ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (డీబగ్గింగ్ కోసం కెర్నల్ చూపించే ఫైళ్లలో) ఓపీపీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో వేగాలు హెర్ట్జ్‌లో కనపడతాయి. చివరి మూడు అంకెలు సున్నాలు కాని మెట్టు దగ్గర మాత్రమే ఎర్రర్ వస్తుంటే అది ఈ బగ్గే. గుండ్రటి అంకెలున్న మెట్ల దగ్గర కూడా వస్తుంటే ఇది కాదు. కంట్రోల్ ప్రాసెసర్ నిజంగానే మాట వినట్లేదు. కెర్నల్ మెసేజ్‌లని దానికి చేర్చే మెయిల్‌బాక్స్ వైపు, ఫర్మ్‌వేర్ వైపు వెతకండి. అక్కడ ఆ చెక్ తన పని తను సరిగ్గా చేస్తున్నట్టు లెక్క.